లిన్‌పాన్‌ను కట్టింది నీరా, మనిషా?

చైనాలోని సిచువాన్ రాష్ట్రం, చెంగ్డూ మైదానం. అక్కడ ఇళ్లన్నీ ఒకచోట గుమిగూడిన ఊళ్లు తక్కువ. వరిమళ్ల మధ్య అక్కడక్కడా వెదురు పొదలు, పెద్ద చెట్లు, వాటి నీడలో నాలుగైదు ఇళ్లు. కొన్నిచోట్ల ఇరవై, ముప్పై కూడా ఉంటాయి. పక్కనే పంటకాలువ. దీన్నే లిన్‌పాన్ అంటారు. ఇళ్లు ఇలా ఎందుకు చెదిరి ఉన్నాయన్నదే ఈ వాదం. మామయ్య సాగునీటి శాఖలో ఇంజినీరుగా రిటైరయ్యారు. మేనకోడలు సునంద పట్టణ ప్రణాళిక చదివింది.

మామయ్య: ఇందులో వాదించడానికేముందమ్మా? నీరు పల్లమెరుగు. మిన్ నది కొండలు దిగేచోట క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి దుజియాంగ్‌యాన్ కట్టించాడు. నదికి అడ్డంగా ఆనకట్ట వెయ్యలేదు. వెదురు బుట్టల్లో రాళ్లు నింపి, చేప నోరులాంటి గట్టు పెట్టి నదిని రెండు పాయలు చేశాడు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు పదింట ఆరు వంతులు పొలాలవైపున్న లోపలి పాయలోకి వెళ్తాయి. వరదొస్తే ఆ ఆరు వంతులు బయటి పాయలోకి పోతాయి. అక్కణ్ణుంచి మైదానమంతా ఆగ్నేయానికి వాలు, తోడాల్సిన పని లేదు. కాలువ చీలి, బోదెలై, మడిమడికీ చేరుతుంది. నీళ్లు మడి దగ్గరికే వస్తుంటే రైతు ఇల్లు కూడా అక్కడే వేసుకుంటాడు.

సునంద: నీళ్లున్నచోటల్లా ఇళ్లు చెదిరే ఉండాలంటే మరి హోంగ్‌త్సున్ సంగతేంటి మామయ్యా? ఆన్‌హ్వే రాష్ట్రంలో ఆ ఊరి వాగు నీళ్లు ఇళ్ల ముందు నుంచే పారి, నెలవంకలాంటి చెరువులోకి, ఆ తర్వాత దక్షిణ సరస్సులోకి, అక్కణ్ణుంచి పొలాలకి వెళ్తాయి. అయినా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి.

మామయ్య: అది కొండల మధ్య ఇరుకు లోయ. సాగుభూమే తక్కువ, దాన్ని ఇళ్లతో ఎలా నింపుతారు?

సునంద: భూమి ఒక్కటే కాదు, అక్కడున్నది వాంగ్ వంశం. ఒకే వంశం కాబట్టి ఒకే ఊరు. చెంగ్డూలో జరిగింది వేరు. 1644లో తిరుగుబాటు నాయకుడు జాంగ్ షియన్‌జోంగ్ సైన్యం నగరాన్ని పట్టుకుంది. యుద్ధం, కరువు, రోగాలతో సిచువాన్ దాదాపు ఖాళీ అయిపోయింది. తర్వాత చింగ్ రాజవంశపు ప్రభుత్వం హునాన్, హుబే, గ్వాంగ్‌డోంగ్ వైపు నుంచి జనాన్ని రప్పించింది. ఒక్కొక్కరిది ఒక్కో ఊరు, ఒక్కో యాస. ఎవరికి దొరికిన భూమిలో వాళ్లు గుడిసె వేసుకుని, గాలికి అడ్డంగా వెదురు నాటారు. అందరూ కలిసేది సంతలో. 1949లో చెంగ్డూ దగ్గరి గావోడియన్‌జిలో ఉండి పరిశీలించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త విలియం స్కిన్నర్ రాసిందీ అదే. అక్కడి రైతు లోకం తన ఊరు కాదు, సంత జరిగే పట్నం.

మామయ్య: బాగుంది. మరి ఆ కొత్తవాళ్లు వచ్చి పట్టుకున్నది ఏ కాలువల్ని? దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల పాత కాలువల్నే కదా! కాలువ లేకపోతే ఒక్క కుటుంబం ఒంటరిగా వరి పండించగలదా?

సునంద: పండించలేదు, ఒప్పుకుంటాను. కానీ అంతా నీళ్ల వల్లే అంటే నాకు భయమేస్తుంది. 2000 తర్వాత చెంగ్డూలో ఏం చేశారో తెలుసుగా? చెదిరిన ఇళ్లు పడగొట్టి, ఆ స్థలాన్ని మళ్లీ పొలం చేసి, దానికి బదులు నగరం పక్కన అంత భూమిలో కట్టుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. రైతుల్ని అపార్ట్‌మెంట్లకి చేర్చారు. ఇంటికి కుళాయి వచ్చేసింది, ఇక కాలువ పక్కన ఉండడం ఎందుకు అని అడిగితే మీ దగ్గర జవాబేది?

మామయ్య: జవాబు కాలువలోనే ఉంది! చలికాలం వచ్చిందంటే కర్రల ముక్కాలి పీటలు వరసగా నిలబెట్టి లోపలి పాయ మూసేవారు. నది అడుగున పాతిన ఇనుప కడ్డీలు కనిపించేదాకా పూడిక తీసేవారు. లోతుగా తవ్వు, గట్టు తక్కువ ఎత్తులో కట్టు అని అక్కడ రాయి మీదే చెక్కి ఉంది. కాలువ మొదలయ్యేచోట ఆ పని ప్రభుత్వం చూస్తుంది. బోదెల్లో పూడిక తీసేది మాత్రం గట్టు మీద ఇల్లున్నవాడే. వాణ్ణి ఐదో అంతస్తులో పెడితే, అర్ధరాత్రి మడి గండి పడిందని తెలిసేదెలా?

సునంద: ఇప్పుడు మళ్లీ లిన్‌పాన్‌లను కాపాడుతున్నామని బాగుచేస్తున్నారు. కొన్నిచోట్ల టీ దుకాణాలు, హోమ్‌స్టేలు వచ్చాయి. చెట్లు మిగిలాయి, పొలం చేసేవాడు వెళ్లిపోయాడు. నాకు అది కాపాడడంలా అనిపించదు. ఉంటావా, వెళ్తావా అని వాళ్లను ముందే అడిగి ఉండాల్సింది.

మామయ్య: ఒక్కొక్కరినీ విడిగా అడిగితే లాభం లేదు. ఒక బోదె మీది ఇళ్లన్నిటినీ కూర్చోబెట్టి అడగాలి.

సునంద: ముందెవర్ని?

మామయ్య: చివర ఉన్నవాళ్లని. పైవాళ్లు వెళ్లిపోయి పూడిక పడితే మొదట ఎండేది వాళ్ల మడే.