ఉన్నదానికి ఫోటో, లేనిదానికి బొమ్మ

ప్రకటనలో ఫోటో వాడాలా, బొమ్మ గీయించాలా అని మార్కెటింగ్ పండితులు మీటింగుల మీద మీటింగులు పెట్టుకుంటున్నారు. బ్రాండ్ స్వభావమట, టార్గెట్ ఆడియన్సట. పాపం, వీళ్లెవరూ హైదరాబాద్ శివార్ల వెంచర్ బ్రోచర్ ఒక్కటైనా తిరగేసినట్టు లేదు. మన రియల్టర్లు ఈ శాస్త్రాన్ని ఎప్పుడో ఒక్క ముక్కలో తేల్చేశారు. సరుకు ఉంటే ఫోటో, లేకపోతే బొమ్మ.

షాద్‌నగర్ దాటి లోపలికి వెళ్తే వచ్చే వెంచర్‌నే తీసుకోండి. ఉన్నవి నాలుగు తుమ్మచెట్లు, తెల్లరంగు కొట్టిన హద్దురాళ్లు, ఒక ఆర్చి. ఆర్చి నిజంగా ఉంది కాబట్టి దానికి ఫోటో. మిగతాదంతా బొమ్మే. అందులో నీలంగా మెరిసే స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్, పచ్చిక మీద కుక్కను తిప్పుతున్న తెల్లదొర దంపతులు. వాళ్లు ఏ దేశస్థులో, షాద్‌నగర్‌లో వాళ్లకేం పనో అడగడం మర్యాద కాదు. ప్లాట్ల మీదుగా పోయే హైటెన్షన్ లైను మాత్రం ఆ బొమ్మలో ఉండదు. అది ఆర్టిస్టుగారి సౌందర్య దృష్టి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇది ఊహాచిత్రం మాత్రమే' అని ఉంటుంది. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడు తన డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చని రియల్ ఎస్టేట్ నియంత్రణకు తెచ్చిన 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆ అక్షరాలు వేసింది చట్టానికి భయపడి, చిన్నవి చేసింది కొనేవాడికి భయపడి.

అదే బ్రోచర్ అట్ట మీద హీరోగారు నవ్వుతుంటారు. ఆయన ఉన్నారు కాబట్టి ఫోటో. అయితే ఇందులో ఒక చిక్కుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి 2019 వినియోగదారుల చట్టం 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చంటోంది. బొమ్మకు ఇలాంటి టెన్షన్ ఉండదు. అమూల్ పాప 1966 నుంచీ చిన్నపిల్లే. కాల్‌షీట్ లేదు, కారవాన్ లేదు, ఎన్నికల ముందు ఏ పార్టీలోనూ చేరదు. ఎయిరిండియా మహారాజు 1946లో వంగి దండం పెట్టాడు. కంపెనీ టాటాల నుంచి సర్కారుకు, మళ్లీ టాటాలకు చేతులు మారినా ఒక్కసారీ జీతం పెంచమనలేదు.

ఫోటో అబద్ధమాడదని అమాయకులు అనుకుంటారు. కార్న్‌ఫ్లేక్స్ మెత్తబడకుండా పాల బదులు తెల్లటి జిగురు పోసి ఫోటోలు తీసే మహానుభావులున్నారు. రాజకీయ ఫ్లెక్సీల జోలికి నేను పోను. అక్కడ ఏ ముఖం ఎన్ని అడుగులుండాలనేది మార్కెటింగ్ సమస్య కాదు, శాంతిభద్రతల సమస్య.

నిజం చెప్పే ఫోటో ఒక్కటే ఉంది. అది సిగరెట్ పెట్టె మీద ఉంది. 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టెకు రెండు వైపులా 85 శాతం హెచ్చరికే ఉండాలని నిబంధన. వెంచర్లకూ ఇదే వర్తింపజేయాలని ప్రభుత్వానికి నా సవినయ మనవి. బ్రోచర్‌లో 85 శాతం మేర ఆ ప్లాట్ల అసలు ఫోటోనే ఉండాలి, అదీ మే నెల మిట్టమధ్యాహ్నం తీసినది. మిగిలిన 15 శాతంలో దొరగారిని, దొరసానిని, కుక్కను సర్దుకోవచ్చు.

దీనికి బిల్డర్లు అడ్డు తగులుతారని మీ అనుమానం కావచ్చు. వాళ్లకంటే ముందు కొనేవాళ్లే ధర్నాకు దిగుతారు. మే నెల ఫోటో వాట్సాప్‌లో పెడితే డల్లాస్‌లో ఉన్న కొడుకు అడ్వాన్స్ పంపుతాడా? బొమ్మ పంపితే మాత్రం పది నిమిషాల్లో జవాబొస్తుంది: "నాన్నా, పూల్ ఫేసింగ్ ప్లాటు ఇంకా ఉందేమో కనుక్కోండి."