నీళ్లు పీల్చని టవల్‌కు వెనిగర్ ఒక్కటే మందు కాదు

కారు కడిగాక తుడుచుకునే మైక్రోఫైబర్ టవల్ నీటిని పీల్చుకోవడం మానేసి, పెయింట్ మీద దాన్ని అటూ ఇటూ నెడుతూ ఉంటే, ఎవరిని అడిగినా ముందుగా వచ్చే సలహా వెనిగర్‌లో నానబెట్టమని. ఆ సలహాలో కొంత నిజం ఉంది కాబట్టే అది ఇంతగా పాతుకుపోయింది. అయితే టవల్ ఎందుకు పీల్చడం లేదో, దాన్ని దేనితో ఉతుకుతున్నారో, కారు మీద ఏమేం పూస్తున్నారో ఒక్క మాట కూడా అడగకుండా వెనిగర్, వంటసోడా, మరిగే నీళ్లు అని వరుసగా అప్పజెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు వేస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పీల్చే గుణం పోయిందని చెత్తలో వేసే టవళ్లలో చాలావరకు పాడైనవి కావు. వాటి పోగుల మీద ఏదో ఒకటి పేరుకుపోయి ఉంటుంది, అదేమిటో తెలుసుకోకుండా చేసే వైద్యం వల్ల ఒక్కోసారి ఫలితం ఉండకపోగా టవల్ నిజంగానే పాడవుతుంది.

ముందు ఈ బట్ట నీటిని ఎలా పట్టుకుంటుందో చూడాలి, ఎందుకంటే మిగతా వాదనంతా దాని మీదే ఆధారపడి ఉంది. మైక్రోఫైబర్ అంటే ఎక్కువగా పాలియెస్టర్, కొంత పాలీఅమైడ్, అంటే నైలాన్ జాతి. సాధారణంగా 80:20 లేదా 70:30 నిష్పత్తిలో ఉంటాయి. విచిత్రమేమిటంటే పాలియెస్టర్‌కు నీరంటే దాదాపు గిట్టదు. మామూలు గాలిలో ఉంచిన నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను లోపలికి తీసుకుంటే, నైలాన్ 4 శాతం వరకు తీసుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా తీసుకోదు. అలాంటిది ఈ టవల్ తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని మోస్తోందంటే ఆ ఘనత పదార్థానిది కాదు, ఆకారానిది. ఒక్కో పోగును తయారీలోనే సన్నని చీలికలుగా విడగొడతారు. అవి 1 డెనియర్ కంటే సన్నగా ఉంటాయి, అంటే అలాంటి పోగు 9000 మీటర్ల పొడవున్నా 1 గ్రాము తూగదు. ఆ చీలికల మధ్య ఉండే లెక్కలేనన్ని సందుల్లోకి నీరు కేశనాళికల్లోకి ఎక్కినట్టు తనంతట తానే ఎక్కుతుంది. అలా ఎక్కాలంటే రెండే షరతులు ఉన్నాయి. సందులు తెరిచి ఉండాలి, పోగు ఉపరితలం తడిసేదిగా ఉండాలి. ఈ రెంటిలో ఏది చెడినా ఎంత మందపాటి టవలైనా పనికిరాదు. చదరపు మీటరుకు 1200 గ్రాముల బరువుందని అట్టమీద గొప్పగా రాసినా ఇది మారదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఆరబెట్టే టవల్ అసలు మురికి పట్టే వస్తువు కాదు. చక్రాలు తుడిచే గుడ్డలాగా దానికి బ్రేకు ధూళి అంటదు, ఇంజను గ్రీజు తగలదు. అప్పటికే శుభ్రంగా కడిగిన కారును మాత్రమే అది ముట్టుకుంటుంది. కాబట్టి దాన్ని చెడగొట్టేవి ఎక్కువగా మనం శుభ్రత కోసమని, మెరుపు కోసమని చేతులారా పెట్టేవే: సరిగా కడగని షాంపూ, తడి మీదే చల్లే స్ప్రే వ్యాక్స్, అవసరానికి మించి పోసే డిటర్జెంట్, సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండీషనర్, కలిపి ఉతికిన నూలు తువాళ్ల పీచు. నీటిలోని ఖనిజ లవణాలు వీటికి తోడవుతాయి.

వీటిలో నేరం ఎవరిదో తేల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. పూర్తిగా ఆరిన టవల్ మీద ఒక చుక్క నీరు వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడి, టవల్‌ను వంచితే జారిపోతే, పోగు మీద నూనె తత్వం గల పొర ఉందని అర్థం. అది కండీషనర్ కావచ్చు, వ్యాక్స్ కావచ్చు. చుక్క ఇంకుతుంది గానీ టవల్ అట్టలా బిరుసుగా ఉంటే ఖనిజ లవణాల మీద అనుమానపడాలి. ఇక ఉతికి ఆరేసిన టవల్‌ను బకెట్‌లో మంచినీళ్లు పోసి పిసికినప్పుడు నురగ వస్తే, పాత ఉతుకుల సబ్బు ఇంకా లోపలే ఉందన్నమాట. దానితో తుడిస్తే అద్దం మీద చారలు పడతాయి. ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఒకే టవల్‌లో ఉండవచ్చు, అది వేరే తలనొప్పి.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం కండీషనర్ మీద. బట్టలు మెత్తగా ఉండడానికి వాడే ఈ ద్రవంలో ధనావేశం గల కొవ్వు అణువులు ఉంటాయి. నీటిలో ఉన్న పోగు ఉపరితలం మీద సాధారణంగా రుణావేశం ఉంటుంది కాబట్టి అవి వెళ్లి దానికి అతుక్కుంటాయి, వాటి కొవ్వు తోకలు బయటికి తిరిగి ఉంటాయి. ముట్టుకుంటే మెత్తగా అనిపించేది ఆ తోకలే, నీటిని తోసేసేవి కూడా అవే. పైగా దీన్ని ఆఖరి జాలింపులో వేస్తారు కాబట్టి తర్వాత కడిగేసే అవకాశమే ఉండదు. కొన్ని డిటర్జెంట్లలో దీన్ని ముందే కలిపి అమ్ముతారు, డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాలకూ ఇలాంటి పూతే ఉంటుంది. టవల్‌ను చేత్తో నిమిరి, మెత్తదనాన్ని బట్టి నాణ్యతను నిర్ణయించే అలవాటు మనకు ఉన్నంతకాలం ఈ పొరపాటు ఆగదని నా అనుమానం. కండీషనర్ పట్టిన టవల్‌కు వెనిగర్ దాదాపు ఏమీ చేయలేదు. దానికి కావలసింది గోరువెచ్చని నీరు, కండీషనర్ కలవని మామూలు లిక్విడ్ డిటర్జెంట్, కొంచెం ఓపిక. డిటర్జెంట్‌లోని రుణావేశ అణువులు ఆ ధనావేశ అణువులతో జతకట్టి వాటిని నెమ్మదిగా ఊడదీస్తాయి. ఒక్క ఉతుకుతో పోకపోతే కొన్ని గంటలు నానబెట్టి మళ్లీ ఉతకాలి, మధ్యమధ్య చుక్క పరీక్ష చేసి చూసుకోవాలి.

మరి వెనిగర్ ఎక్కడ పనిచేస్తుంది? కఠిన జలం ఉన్నచోట. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిస్తే నీటిలో కరగని తెట్టు ఏర్పడుతుంది, నీరు ఆరిపోయినప్పుడు కార్బొనేట్‌లు పోగుల మధ్య మిగిలిపోతాయి. సుమారు 5 శాతం ఎసిటిక్ యాసిడ్ ఉండే తెల్ల వెనిగర్‌ను నీళ్లలో కలిపి టవల్‌ను కాసేపు ఉంచితే ఆ కార్బొనేట్‌లు కరుగుతాయి, సబ్బు తెట్టు కూడా కొంత వదులవుతుంది. నిమ్మ ఉప్పు అదే పని వాసన లేకుండా చేస్తుంది, అందుకే నాకు అదే ఎక్కువ ఇష్టం. ఏది వాడినా దాన్ని డిటర్జెంట్‌తో ఒకేసారి వేయకూడదు. డిటర్జెంట్ పనితనంలో కొంత భాగం దాని క్షారగుణంలో ఉంటుంది, ఆమ్లం ముందు దాన్నే చంపేస్తుంది. ఉతకడం పూర్తయ్యాక విడిగా ఒక జాలింపులో వాడి, ఆ తర్వాత మంచినీటితో మళ్లీ జాలించాలి.

వెనిగర్‌నూ వంటసోడానూ కలిపి పోసి, బుసబుసమని నురగ రాగానే మురికి పోతోందని మురిసిపోయే వాళ్లకు ఒక మాట. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. అది వెళ్లిపోయాక బకెట్‌లో మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు, అంటే ఆమ్లమూ కాని క్షారమూ కాని ఒక ఉప్పు నీరు. రెండు పనికొచ్చే వస్తువులను కలిపి ఏ పనికీ రాకుండా చేసుకోవడం అంటే ఇదే. అంతకంటే ఘోరమైనది తెల్లబట్టల బ్లీచ్. క్లోరిన్ బ్లీచ్ పాలీఅమైడ్‌ను దెబ్బతీస్తుంది, అంటే టవల్‌లో నీటితో కాస్తో కూస్తో స్నేహంగా ఉండే భాగాన్నే పాడుచేస్తుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇది టవల్ సంగతి కాదు, ఊపిరితిత్తుల సంగతి. ఈ రెండూ ఒకే బకెట్‌లోకి రాకూడదు.

వ్యాక్స్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. తడి కారు మీద స్ప్రే సీలెంట్, అంటే వ్యాక్స్‌లాగే పెయింట్ మీద రక్షణ పొరగా నిలిచే ద్రవం, చల్లి టవల్‌తో తుడిచేయడం ఈమధ్య మామూలైపోయింది. నేనూ దాన్ని తప్పుపట్టను, నీరు సులువుగా జారుతుంది, టవల్ పెయింట్ మీద ఒరుసుకోకుండా మెత్తగా కదులుతుంది. కానీ నీటిని తోసేయడమే ఆ ద్రవం పని. కారు మీద ఏ పని చేస్తుందని డబ్బు పెట్టి కొన్నామో, టవల్ పోగు మీద కూడా అది అదే పని చేస్తుంది. దాన్ని చల్లినవాడే తర్వాత టవల్ నీరు పీల్చడం లేదని తయారీదారును తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇలాంటి స్ప్రేకు ఒక టవల్‌ను విడిగా కేటాయించి, అసలు ఆరబెట్టే టవల్‌ను దానికి దూరంగా ఉంచడమే తేలికైన మార్గం.

ఇప్పటికే పట్టిన వ్యాక్స్‌ను వేడినీటితో కరిగించవచ్చని అనుకునేవాళ్లు ఒక లెక్క గమనించాలి. కారు వ్యాక్స్‌లలో వాడే కార్నాబా అనే చెట్టు మైనం కరగాలంటే 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. మైక్రోఫైబర్‌ను ఉతకడానికి 40 డిగ్రీలు చాలు, లేబుల్ అనుమతిస్తే 60 వరకు వెళ్లవచ్చు. అంటే టవల్‌కు క్షేమమైన వేడిలో మైనం కరగదు, మైనం కరిగే వేడి టవల్‌కు క్షేమం కాదు. కాబట్టి దాన్ని కరిగించే ఆలోచన మానుకుని సబ్బుతో విడదీయాలి. గోరువెచ్చని నీటిలో ఆల్ పర్పస్ క్లీనర్ గానీ గిన్నెలు తోమే లిక్విడ్ గానీ కొద్దిగా కలిపి, టవల్‌ను నానబెట్టి చేత్తో పిసికి, నురగ పూర్తిగా పోయేదాకా జాలించి, ఆ తర్వాతే మెషిన్‌లో వేయాలి. గిన్నెల లిక్విడ్‌ను నేరుగా మెషిన్‌లో పోస్తే నురగ పొంగి, జాలింపు సరిగా జరగదు. సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద పూశాక గట్టిపడి నిలిచే రక్షణ పూత, తుడిచిన గుడ్డ మాత్రం వేరే కథ. ఆ పూత గట్టిపడ్డాక దాన్ని ఏ సబ్బూ విప్పలేదు, పైగా బిరుసెక్కిన పోగులు పెయింట్ మీద గీతలు పెడతాయి. దాన్ని పారేయడమే మేలు.

మరిగించడం గురించి రెండు వైపులా అతిశయోక్తులు వింటుంటాం. మరిగే నీటిలో మైక్రోఫైబర్ కరిగిపోతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. నైలాన్ కరగడానికి 200 డిగ్రీలు దాటాలి, పాలియెస్టర్‌కు ఇంకా ఎక్కువ కావాలి. అలాగని మరిగించడం మంచిదీ కాదు. సుమారు 70 నుంచి 80 డిగ్రీల దగ్గర పాలియెస్టర్ లోపలి నిర్మాణం సడలుతుంది, ఆ స్థితిలో మడతపడిన పోగు చల్లారాక అదే మడతలో స్థిరపడుతుంది. చీలికల మధ్య సందులే ఈ బట్టకు ప్రాణమని ముందే చెప్పుకున్నాం, వాటిని అలా నలిపేశాక ఏ రసాయనమూ తిరిగి తెరవలేదు. నూలు బట్టలను మరిగించి ఉతికిన తరాల అనుభవం గొప్పదే, కానీ అది ఈ బట్టకు వర్తించదు. డ్రయ్యర్‌కూ ఇదే సూత్రం. తక్కువ వేడిలో తిప్పితే లూపులు, అంటే టవల్ మీద ఉంగరాల్లా లేచి ఉండే పోగులు, విడివడి నిలబడతాయి కాబట్టి లాభమే, ఎక్కువ వేడి పెడితే నష్టం. డ్రయ్యర్ లేకపోతే గట్టిగా దులిపి నీడలో ఆరేస్తే చాలు, ఇస్త్రీ పెట్టె దాని దరిదాపులకు రాకూడదు.

మైక్రోఫైబర్ కోసమే ప్రత్యేకమని అమ్మే సీసాల గురించి నా మాట క్లుప్తంగా చెబుతాను. అవి ఎక్కువగా కండీషనర్, రంగు, అతి సువాసన లేని లిక్విడ్ డిటర్జెంట్లే. మోసం అననుగానీ అద్భుతం అసలే కాదు. వాటి లేబుల్ మీద రాసినంతే కొలిచి పోసేవాళ్లకు అవి మంచి ఫలితమిస్తాయి, మామూలు డిటర్జెంట్‌ను కూడా అలాగే కొలిచి పోస్తే దాదాపు అంతే ఇస్తుంది. మూత నిండా పోస్తే బాగా శుభ్రమవుతుందనే నమ్మకం దగ్గరే అసలు తేడా వస్తుంది. దాదాపు మురికే లేని టవల్‌కు సగం కొలత చాలు, దానికి ఒక అదనపు జాలింపు తోడైతే ఇంకా మంచిది. నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి, ఎందుకంటే పీచును పట్టుకోవడంలో మైక్రోఫైబర్‌ను మించింది లేదు, పట్టుకున్న పీచును అది అంత తేలిగ్గా వదలదు.

కొత్త టవల్‌ను కొన్నరోజే కారు మీదికి తీసుకెళ్లి నిరాశపడేవాళ్లూ ఉన్నారు. తయారీలో వాడిన నూనెలు, మెత్తదనం కోసం పూసిన ద్రవాలు దాని మీద మిగిలి ఉండవచ్చు, వదులు పోగులూ ఉంటాయి. ఒకటి రెండుసార్లు ఉతికాకే దాని సంగతి తేల్చాలి. అలాగే ఎముకలా ఎండిన టవల్ మొదటి తుడుపులో నీటిని కాస్త నెడుతుంది. కొద్దిగా తడిపి పిండి వాడితే, ముఖ్యంగా లూపులు మెలితిప్పి ఉండే ట్విస్టెడ్ లూప్ రకాలు, వెంటనే పీల్చడం మొదలుపెడతాయి. దీన్ని లోపం అనుకుని నానబెట్టే ప్రయోగాలు మొదలుపెట్టనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా చుక్క నిలబడే ఉంటే, లేదా లూపులు వేడికి అణిగిపోయి ముట్టుకుంటే గరుకుగా తగులుతుంటే, ఆ టవల్‌కు పెయింట్ మీద పని అయిపోయినట్టే. నేల మీద పడి ఇసుక పట్టిన టవల్‌ను కూడా, నీరు ఎంత బాగా పీలుస్తున్నా, నేను మళ్లీ బానెట్ మీద వాడను. లూపుల అడుగున దూరిన రేణువులన్నీ ఉతుకులో పోతాయన్న నమ్మకం నాకు లేదు. అలాంటి వాటి అంచును కొంచెం కత్తిరించి గుర్తు పెట్టుకుని, చక్రాలకూ తలుపు సందులకూ వాడుకోవచ్చు. ఉతికేటప్పుడు మాత్రం వాటిని మంచి టవళ్లతో కలపకండి.