డీజిల్‌కు పెట్రోల్ వైద్యం

ఏ మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: “మిక్చర్ లీన్ అయింది సార్, అందుకే వేడెక్కుతోంది.” లీన్ అంటే ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అని. కార్బురేటర్ బైకుకు ఇది చాలావరకు నిజమే. అదే మాట డీజిల్ బండికి చెబితే మాత్రం పూర్తిగా తలకిందులు.

కిలో పెట్రోల్ సరిగ్గా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సైలెన్సర్‌లోకి వచ్చే పొగ దాదాపు ఆ పాళ్ల దగ్గరే బాగా వేడిగా ఉంటుంది. పెట్రోల్ ఎక్కువైతే పొగ చల్లబడుతుంది, గాలి మరీ ఎక్కువైనా చల్లబడుతుంది. అలాంటి బైకు ఎలాగూ కాస్త రిచ్‌గానే, అంటే పెట్రోల్ ఎక్కువగానే నడుస్తుంది కాబట్టి మైలేజీ కోసం కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోల్ తగ్గిస్తే వేడి పెరుగుతుంది. మెకానిక్ అనుభవం అక్కడిది.

డీజిల్‌లో గాలికి కరువుండదు. ఐడిలింగ్‌లో కిలో డీజిల్‌కు 100 కిలోల గాలి దాటినా ఆశ్చర్యం లేదు. లోడు పెరిగేకొద్దీ డీజిల్ ఎక్కువ పడుతుంది, వేడీ పెరుగుతుంది. అక్కడ లీన్ అంటే చల్లన. పంపులో డీజిల్ పెంచి, నల్లపొగ చూసి “పికప్ వచ్చింది” అని మురిసిపోయే లారీ ఓనరు నిజానికి ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోను కాల్చుకుంటున్నాడు.

ఇప్పుడు అన్నీ ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ చూసుకుంటుంది, ఈ పాఠాలు ఎవరికి కావాలి అంటారు కొందరు. చూసుకుంటుంది, కాదనను. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగకు బీఎస్6 అనే కాలుష్య ప్రమాణం వచ్చింది, దాంతోపాటే డీజిల్ కార్లకు మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరూ వచ్చింది. అందులో మసి కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీలు కావాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకే కారు పొగకు అందులో సగం వేడి కూడా ఉండదు. అప్పుడు ఈసీయూ కావాలనే అదనపు డీజిల్ చిమ్మి వేడి పుట్టిస్తుంది. మనం ఇల్లు వచ్చిందని ఇంజన్ ఆపేస్తాం, మసి సగంలో మిగిలిపోతుంది. చిమ్మిన డీజిల్‌లో కొంత ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గలేదు, పైగా పెరిగింది అని సంతోషించేవాళ్లను చూశాను. పెరిగింది ఆయిల్ కాదు, డీజిల్. నాకైతే టెన్షన్.

డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగిన కొత్తలోనే ఓ ఇరవై నిమిషాలు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగకుండా నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. ఇంత చిన్న సంగతి ఎవరికి తెలుసు? నా కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో. రోజూ ఆ కారు నడిపేది తెలుగు మాత్రమే చదివే డ్రైవరు. తెలుగువాళ్లకు లక్షల రూపాయల కారు అమ్మేవాళ్లు రెండు పేజీల తెలుగు అచ్చు వేయించలేరా? షోరూములో నన్ను సీటు కవర్ల గురించి మూడుసార్లు అడిగారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్ల మీద తిరుగుతారని ఒక్కరూ అడగలేదు.