సవరణ: బ్రాడ్‌స్కీ సమాధి ఎక్కడుంది?

రష్యన్ కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీకి ఇటలీలోని వెనిస్‌తో ఉన్న అనుబంధం గురించి రాసిన వ్యాసంలో, ఆయన అక్కడే చనిపోయారనీ, సమాధి సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ సమాధి పక్కనే ఉందనీ రాశాం. రెండూ తప్పే. మన్నించండి.

1972 జూన్‌లో సోవియట్ ప్రభుత్వం వెళ్లగొట్టిన ఆయన, ఆ డిసెంబరులోనే తొలిసారి వెనిస్ చూశారు. ఆ తర్వాత దాదాపు ప్రతి చలికాలం వెళ్లేవారు. కాపురం మాత్రం అమెరికాలోనే. 1996 జనవరి 28న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అక్కడ తాత్కాలికంగా ఉంచిన భౌతికకాయాన్ని 1997 జూన్‌లో వెనిస్ శ్మశాన ద్వీపమైన శాన్ మికేలేలో ఖననం చేశారు.

ఈ రెండో తప్పు వల్ల వెతికేవాళ్లకు నిజంగా ఇబ్బంది. స్ట్రావిన్‌స్కీ, బాలే బృంద నిర్వాహకుడు దియాగిలెవ్ ఉన్నది ఆ శ్మశానంలోని ఆర్థడాక్స్ క్రైస్తవుల ఆవరణలో. బ్రాడ్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు కాదు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. అందుకే ప్రొటెస్టెంట్ ఆవరణలో చోటు దొరికింది, అదీ అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ సమాధికి దగ్గర్లో. పౌండ్ సమర్థించిన ఫాసిస్టు రాజకీయాలను గట్టిగా తప్పుపట్టిన బ్రాడ్‌స్కీకి ఈ పొరుగు దక్కడం మనసును కలచివేస్తుంది.

సమాధి చూడాలంటే వెనిస్‌లోని ఫొందమెంతే నోవే రేవులో 4.1 లేదా 4.2 నంబరు వాపొరెత్తో (నీటి బస్సు) ఎక్కి, 'చిమితేరో' (శ్మశానం) అనే స్టాపు దగ్గర దిగాలి. లోపల ఆర్థడాక్స్ ఆవరణకు దారి చూపే 'గ్రేకో' బోర్డు వెంట కాకుండా, ప్రొటెస్టెంట్ ఆవరణకు దారి చూపే 'ఎవాంజెలికో' బోర్డు వెంట వెళ్లండి. సమాధి రాయి ముందువైపు పేరు రష్యన్, లాటిన్ లిపుల్లో ఉంటుంది. వెనక్కి కూడా వెళ్లి చూడండి: మరణంతో అన్నీ ముగిసిపోవన్న ప్రాచీన రోమన్ కవి ప్రొపర్టియస్ లాటిన్ పాదం అక్కడే చెక్కి ఉంది.