ప్లాన్ ఏఐది, టోల్ నాది, ఘాట్ రోడ్డు మాత్రం బావగారిదట

ఇది అసలు మా ఫ్యామిలీ గ్రూపులో రాయాల్సింది. అక్కడ రాస్తే అమ్మ బాధపడుతుంది, అక్క వెంటనే ఫోన్ చేస్తుంది, మా ఆయన "వదిలెయ్ ఇంక" అంటాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా. మీ ఇళ్లలోనూ ఇలాంటి గ్రూపులు ఉంటాయి, మీకు అర్థమవుతుంది.

అక్టోబర్‌లో అమ్మ, అక్క, బావగారు, వాళ్ల పిల్లాడు టోక్యోకి, మా ఇంటికి వస్తున్నారు. నాలుగు గుళ్లు, ఒక టవరు చూపించి పంపెయ్యొచ్చు, నాకేం పోయింది? కానీ అమ్మకి కొండలంటే ఇష్టం, నాకు కొండ రోడ్లంటే పిచ్చి. అందుకని నగానో నుంచి గిఫు మీదుగా కానజావా దాకా కారులో ఒక రూటు వేశాను. వేశాను అంటే రోజూ ఆఫీసు నుంచి వచ్చాక మ్యాప్ ముందు కూర్చుని వేశాను. ఏ రోడ్డు ఏ నెలలో మూస్తారు, ఏ గేటు ఎన్నింటికి వేసేస్తారు, చీకటి పడేలోపు ఎక్కడ ఉండాలి, అమ్మ తినగలిగేది ఏ ఊళ్లో దొరుకుతుంది, మోకాళ్ల నొప్పులున్న మనిషికి బాత్రూం ఎంత దూరానికొకటి ఉంటుంది, అన్నీ రాసి గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు. ఒక్కరూ పలకలేదు. అక్క మాత్రం "చాలా పెద్దగా ఉందే, తర్వాత చదువుతా" అంది. ఆ తర్వాత ఇంకా రాలేదు.

ఇందాక బావగారు ఏఐని అడిగి తెచ్చిన ఒక టేబుల్ పెట్టారు. పక్కన కారు బొమ్మ, కొండ బొమ్మ, ఐస్‌క్రీం బొమ్మ. అంతే, నిమిషంలో బొటనవేళ్లు లేచాయి. అందులో ఒకటి మా ఆయనది. ఆ సంగతి ఇంట్లో తేలుతుంది లెండి.

ఇంతకీ ఆ మహత్తరమైన టేబుల్‌లో మూడో రోజు ఏముందో చూడండి: పొద్దున కామికోచికి డ్రైవ్, అక్కడ లంచ్, ఆ తర్వాత తతెయామా కురోబె ఆల్పైన్ రూట్ మీదుగా డ్రైవ్, సాయంత్రం షిరకావాగో, రాత్రికి క్యోటో.

ముందు కామికోచి, అంటే కొండల మధ్య ఒక నది లోయ. అక్కడికి బయటి కార్లని రానివ్వరు. మనదైనా అద్దెదైనా ఒకటే. సావాందోలోనో హిరాయులోనో కారు పెట్టేసి బస్సో టాక్సీయో ఎక్కాలి. ఇది నిన్న మొన్నటి రూలు కూడా కాదు, కార్ల మీద ఆంక్షలు 1975లోనే మొదలయ్యాయి. ఆ నది, ఆ నీళ్లు ఇవాళ్టికీ అలా ఉన్నాయంటే అందుకే. సరే, అదైనా క్షమించొచ్చు. కురోబె మీదుగా డ్రైవ్ అట! అక్కడ కారు పోవడానికి దారే లేదండీ. ఒగిజావా దగ్గర ఎలక్ట్రిక్ బస్సెక్కితే అది సొరంగంలోంచి తీసుకెళ్లి కురోబె డ్యామ్ దగ్గర దింపుతుంది, 186 మీటర్ల ఎత్తున్న ఆ డ్యామ్ మీద నడిచి అవతలికి పోవాలి, అక్కడ కొండ లోపల కేబుల్ కారు, ఆ పైన రోప్‌వే, మళ్లీ సొరంగంలో బస్సు, ఇంకో బస్సు, ఇంకో కేబుల్ కారు. ఇన్ని ఎక్కి దిగితే అవతల తొయామా వైపు తేలతాం. మనం వదిలేసిన కారు మాత్రం ఒగిజావాలోనే ఉంటుంది. కారులోనే అటు పోవాలంటే ఉత్తరంగా ఇతోయిగావా దాకా, అంటే సముద్రం దాకా వెళ్లో, దక్షిణంగా మత్సుమోతో వైపు దిగో కొండలన్నీ చుట్టుకుని రావాలి. ఏఐ మా అమ్మని కారులో కూర్చోబెట్టి డ్యామ్ మీదుగా తోలింది. బావగారు దానికి ఐస్‌క్రీం బొమ్మ పెట్టారు.

"నువ్వు జపాన్‌లోనే ఉంటావు కదా, ఒకసారి చెక్ చేసి చెప్పు" అని కింద ఒక లైను. చెక్ చేసి చెప్పిందే కదా మీరు చదవనిది!

అసలు మనవాళ్లకి టూరంటే ఎన్ని పేర్లకి టిక్కు పెట్టామన్నదే. ఉప్మాలో జీడిపప్పు ఏరుకున్నట్టు మ్యాప్‌లో ఫేమస్ పేర్లు ఏరుకుంటారు, మధ్యలో ఉన్నదంతా టైం వేస్టు. కొండ రోడ్డు ట్రిప్పులో ఆ మధ్యలోదే కదా ట్రిప్పు! దిగి ఫొటో తీసుకునే చోటు ఐదు నిమిషాలు, రోడ్డు ఐదు గంటలు.

నేను మొదటి రోజుకి పెట్టింది వీనస్ లైన్. నగానోలో చినో ఊరి నుంచి పైకెక్కి షిరకబా చెరువు, కురుమయామా, కిరిగమినె గడ్డి మైదానాలు దాటి ఉత్సుకుషిగహరా దాకా పోతుంది, 76 కిలోమీటర్లు. ఒకప్పుడు టోల్ రోడ్డు, 2002 నుంచి పైసా కట్టక్కర్లేదు. చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ ఎక్కుతామా, ఉన్నట్టుండి ఒక మలుపు దగ్గర చెట్లు అయిపోతాయి. అటూ ఇటూ గడ్డి కొండలు, అక్టోబర్‌లో ఎండు బంగారు రంగులో ఉంటాయి, రోడ్డు వాటి వీపు మీద కనుచూపు మేర కనిపిస్తుంది. గాలి శుభ్రంగా ఉన్న రోజు దూరంగా ఫుజి కూడా కనిపిస్తుంది. నవంబర్ చివరికల్లా ఈ రోడ్డులో కొంత భాగం మూసేస్తారు, మళ్లీ తీసేది ఏప్రిల్ చివర్లోనే. అంటే వీళ్లు వచ్చే నెలలో అది తెరిచి ఉండటమే అదృష్టం. ఏఐ టేబుల్‌లో ఆ రోజు ఏముందో తెలుసా? "ట్రావెల్ డే." అంతే. ఖాళీ.

రెండో రోజు మత్సుమోతో మీదుగా సావాందో, కారు అక్కడ పెట్టి బస్సులో కామికోచి, తిరిగొచ్చి అబో టన్నెల్ దాటి హిరాయులో మకాం. 1997లో ఆ టన్నెల్ వచ్చేదాకా అక్కడ కొండ మీద మెలికలు తిరిగే పాత కనుమ దారే గతి, శీతాకాలం వస్తే అదీ బంద్. తర్వాత తకయామా, షిరకావాగో, అక్కణ్నుంచి హకుసాన్ వైట్ రోడ్. అది 33 కిలోమీటర్ల టోల్ రోడ్డు, పక్కనే జలపాతాలు, సాయంత్రానికి గేట్లు వేసేస్తారు, నవంబర్ మధ్యకల్లా మొత్తానికే బంద్. గేటుకి పది నిమిషాలు లేటయితే బతిమాలడాలు పనిచెయ్యవు. ఇక్కడ "అన్నా, ఒక్క కారే అన్నా" ఉండదు.

టైం సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అక్టోబర్ మధ్యలో ఇక్కడ ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. కొండల్లో ఇంకా ముందే చీకటి. పల్లెటూళ్ల సత్రాల్లో రాత్రి భోజనం ఆరింటికో ఆరున్నరకో, అంతే. తొమ్మిదింటికి చేరి "ఏదో ఒకటి పెట్టండి" అంటే పెట్టేదేమీ ఉండదు, ఊళ్లో హోటలూ తెరిచి ఉండదు. పెట్రోలు బంకులు కూడా పల్లెల్లో పెందలాడే కట్టేస్తారు, కొన్ని ఆదివారం అసలు తీయరు. ఇవన్నీ నా లిస్టులో ఉన్నాయి. అమ్మ శాకాహారి, సోబా నూడుల్స్ తినొచ్చు గానీ పక్కన ఇచ్చే రసంలో చేప ఉంటుంది, దానికి బదులు నగానో వైపు ఒయాకి అని ఆకుకూరో గుమ్మడికాయో కూరి కాల్చిన పిండి ఉండలు దొరుకుతాయి, అవీ రాశాను. దారి పొడుగునా మిచి నో ఎకి అని ప్రభుత్వ గుర్తింపున్న విడిది కేంద్రాలుంటాయి, రాత్రీ పగలూ తెరిచి ఉండే శుభ్రమైన బాత్రూంలు, చుట్టుపక్కల రైతులు తెచ్చి పెట్టే యాపిల్స్, చాలా చోట్ల పండించిన రైతు పేరు కూడా రాసి ఉంటుంది. ఏవి ఎక్కడెక్కడో అవీ రాశాను. ఎవరు చదివారు? ఎవరూ చదవలేదు.

సరే, ఇదంతా ఒక ఎత్తు. నాకు అసలు మండింది టేబుల్ చివర్న బావగారు సొంతంగా రాసిన లైనుకి. "ప్లెయిన్‌లో మరదలు డ్రైవ్ చేస్తుంది. ఘాట్ సెక్షన్స్ నేను చూసుకుంటా."

ఇది కొత్త మాట కాదు. అప్పుడెప్పుడో రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వెళ్లాం. రంపచోడవరం దాటి మారేడుమిల్లి దాకా నేనే నడిపాను, గేదెలు, ఆటోలు, రాంగ్ రూట్లో బైకులు అన్నీ తప్పించుకుంటూ. చింతూరు ఘాట్ మొదలవుతుందనగా బావగారు కారు ఆపించారు. "ఇక్కణ్నుంచి నేను తీసుకుంటాలేమ్మా, నువ్వు వెనక కూర్చుని సీనరీ చూడు." ఎంత ప్రేమో! దిగాను. దిగకపోతే పొగరు అంటారు. ఆ మహానుభావుడు దిగుడులో బండి న్యూట్రల్‌లో వేశాడు, పెట్రోల్ ఆదా అట. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు మీద నిలబడటం, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చెయ్యి కిటికీ బయట. అమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది. కింద ఆగాక చక్రాల దగ్గర కాలిన వాసన. అందరూ ఏమన్నారో తెలుసా? "ఘాట్ రోడ్డంటే బావే నడపాలి, భలే కంట్రోల్." వాంతి చేసుకున్న అమ్మ కూడా అంది!

కొండ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ బ్రేక్ మీద దిగాలని ఇక్కడ బోర్డులు పెట్టి మరీ చెప్తారు. న్యూట్రల్ అంటే డ్రైవింగ్ స్కూల్ వాడు గుండెపోటుతో పోతాడు.

నాకు ఇక్కడి లైసెన్స్ ఊరికే ఇవ్వలేదు. ఇండియా లైసెన్స్ మార్చుకోవాలంటే ట్రాక్ మీద నడిపి చూపించాలి. ఎస్ కర్వు, క్రాంక్ అని సన్నటి ఇరుకు మలుపులుంటాయి. పక్కన ఎగ్జామినర్ ప్యాడ్ పట్టుకుని కూర్చుంటాడు, అద్దం చూశావా, తల తిప్పి చూశావా, ఎడమకి తిరిగే ముందు అంచుకి జరిగావా, అన్నీ రాసుకుంటాడు. దానికి ముందు రాత పరీక్ష ఉంటుంది, మా ఆయన "తర్వాత రాస్తాలే, పది ప్రశ్నలేగా" అని తిరిగాడు. 2025 అక్టోబర్ నుంచి అది యాభై ప్రశ్నలయింది. ఇప్పుడు ఆయన ముందు సీట్లో కూర్చుని "సిగ్నల్ పడింది" అని చెప్పే ఉద్యోగం చేస్తున్నాడు.

బావగారి వాదన ఏంటంటే "అక్కడా లెఫ్టేగా, స్టీరింగూ మనవైపేగా, తిరుమల ఘాట్ ఎన్నిసార్లు ఎక్కాను." సరే తిరుమలే మాట్లాడదాం. నిక్కోలో ఇరోహాజాకా అని ఉంది, అచ్చం మన తిరుమల పద్ధతే, ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు, పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి. రెండూ కలిపి 48 మలుపులు, అందులో 28 దిగే దారిలోనే. ఆకులు రంగు మారే రోజుల్లో, కార్లు చీమల్లా కదిలే ట్రాఫిక్‌లో నేను అది దిగాను. నా పక్కన ఎవరూ కూర్చుని "నేను తీసుకుంటాలేమ్మా" అనలేదు, దేవుడి దయ వల్ల.

షికోకులో ఇయా లోయకి ఫ్రెండ్‌తో వెళ్లినప్పటి సంగతి చెప్తాను. పేరుకి నేషనల్ హైవే 439, కొన్ని చోట్ల ఒక్క కారు పట్టే వెడల్పు. ఒక పక్క నాచు పట్టిన గోడ, ఇంకో పక్క లోయ. మలుపు దగ్గర నారింజ రంగు స్తంభానికి గుండ్రటి అద్దం, అందులో చూసుకుని కదలాలి. ఆ అద్దంలో ఒక తెల్లటి బుల్లి ట్రక్కు కనిపించింది. దాన్ని నడుపుతున్నది ఎనభై దగ్గర పడిన ముసలావిడ, తలకి టవల్ చుట్టుకుని, వెనక ముల్లంగి కట్టలు. నన్ను చూసి హారన్ లేదు, చెయ్యి ఊపడాలు లేవు, తల వెనక్కి తిప్పి ఆ మలుపంతా రివర్సులో జారిపోయి, వెడల్పు ఉన్న చోట ట్రక్కుని గోడకి ఆనించి ఆగింది. నేను దాటుతుంటే తల వంచింది. అంతే. ఆవిడకి ఎవరూ చెప్పలేదు కాబోలు, ఘాట్ రోడ్డు మగవాళ్ల సబ్జెక్టని.

ఇంకో విషయం. బావగారు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇంకా తీసుకోలేదు. ఆర్టీఓలో వెయ్యి రూపాయలు కడితే ఏడాదికి ఇస్తారు, 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఇక్కడ చెల్లుతుంది, ఇండియా అందులో ఉంది. అడిగితే "మన కార్డు ఇంగ్లీషులోనే ఉంది కదా, ఎవడు అడుగుతాడు" అన్నారు. అద్దె కారు కౌంటర్‌లో పిల్ల అడుగుతుంది బావగారూ, నవ్వుతూ, వంగి దండం పెట్టి మరీ అడుగుతుంది, లేకపోతే తాళం ఇవ్వదు. రోడ్డు మీద పోలీసు అడిగితే నవ్వడు కూడా. బీరు సంగతీ ఇప్పుడే చెప్తున్నా, తాగి నడిపితే పక్కన కూర్చున్నవాళ్లకీ శిక్ష ఉంటుంది ఇక్కడ. "ఒక్క క్యానేగా" అనొద్దు.

బుక్ చేసేశాను. ఏడు సీట్ల బండి, నా రూటే, నేను అడిగిన తేదీలే. డ్రైవర్ పేరు రాసే చోట నా పేరు ఒక్కటే ఉంది, రెండో డ్రైవర్ గడి ఖాళీగా వదిలేశాను. క్యోటో కావాలన్నవాళ్లకి రైలుంది, త్సురుగా దాకా బుల్లెట్ రైలు, అక్కడ మారాలి, కానజావా దగ్గర దించేస్తాను, టికెట్ వాళ్లదే. బావగారికి వెనక సీటు, కిటికీ పక్కన. సీనరీ చూడొచ్చు.

అక్కా, నువ్వు ఇది ఎలాగూ చదువుతావు, ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు. ఆవకాయ తెండి, కానీ ఆ నాటుకోడి పచ్చడి డబ్బా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, మాంసంతో చేసినవేవీ ఇక్కడ ఎయిర్‌పోర్టు దాటనివ్వరు. అది కూడా నేను పంపిన లిస్టులోనే ఉంది, నాలుగో పేజీ.