అక్కడ హక్కు, ఇక్కడ టు-లెట్ బోర్డు

హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం ఫోన్ చేస్తే అవతలివాళ్లు ముందు అడిగేది అద్దె గురించి కాదు, అడ్వాన్స్ గురించీ కాదు. ‘‘మీరేమిట్లండీ?’’ అంటారు. అంత సూటిగా అడగడానికి మొహమాటమైతే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరుతోనూ తేలకపోతే ‘‘నాన్‌వెజ్ వండుతారా?’’ అంటారు. ముస్లిం పేరు వినపడితే ఆ ప్రశ్నలూ ఉండవు, ఇల్లు అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఇదంతా పాఠకులకు మేము చెప్పాల్సిన పని లేదు. మాకు ఒళ్లు మండుతున్నది ఇంకో సంగతికి. ఇలాంటి షరతులున్న ఫ్లాట్లలో కొన్నింటి ఓనర్లు అమెరికాలో ఉంటున్నారు. తాళాలు బావమరిదికో వాచ్‌మన్‌కో ఇచ్చి, ‘‘మనవాళ్లకే ఇవ్వు’’ అని వాట్సాప్‌లో చెబుతున్నారు. తాము మాత్రం డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగకుండా ఇచ్చిన ఇంట్లో హాయిగా కాపురం చేస్తున్నారు.

అక్కడ అడగకపోవడానికి కారణం అక్కడి ఇంటివాళ్ల మంచితనం కాదు. జాతి చూసో మతం చూసో ఇల్లు లేదంటే కేసవుతుంది. ఆ స్థితి రావడానికి ఒక్క సియాటిల్ నగరమే ఎన్నేళ్లు తీసుకుందో చూడండి.

1920ల నుంచి ఆ ఊళ్లో కొత్త లేఅవుట్ల దస్తావేజుల్లోనే ఒక షరతు రాసేవారు. నల్లవాళ్లు, ఆసియావాళ్లు, కొన్నిచోట్ల యూదులు ఈ స్థలంలో నివసించరాదని. గోల్ఫ్ కోర్సుతో సహా గోడ కట్టుకున్న బ్రాడ్‌మూర్‌లో ఉంది ఆ షరతు. సరస్సు ఒడ్డున ఉన్న విండర్‌మియర్‌లోనూ ఉంది. ఆసియావాళ్లు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ కాగితాలు ఇప్పటికీ చెల్లుతుంటే, గచ్చిబౌలి నుంచి వెళ్లిన మన కుర్రాడికి అక్కడ ఒక గది కూడా దొరకదు. బ్రాడ్‌మూర్ షరతులో మినహాయింపు ఒకటుండేది. ఆ ఇంట్లో పనిచేసే నౌకరైతే పర్వాలేదు. అంట్లు తోమడానికి రావచ్చు, ఇల్లు కొనుక్కోవడానికి రాకూడదు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంటే, పనివాళ్లు వేరే లిఫ్టులో రావాలని బోర్డు పెట్టిన అపార్ట్‌మెంట్ ఏదో మీకు గుర్తొచ్చి ఉంటుంది.

ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దస్తావేజు చెల్లకపోతేనేం, బ్రోకరు ఉన్నాడు, అప్పివ్వని బ్యాంకు ఉంది. సియాటిల్ నల్లవాళ్లలో అత్యధికులు సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే ఒక్క పేటలోనే ఇరుక్కుని బతికారు. ప్రభుత్వ హామీ ఉన్న రుణాలతో కట్టిన ఇళ్ల విషయంలో వివక్ష కూడదని 1957లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేస్తే, 1961లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసింది. 1962లో మేయర్ వేసిన కమిటీ, నగరానికి సొంతంగా చట్టం కావాలని సిఫారసు చేసింది. కౌన్సిల్ దాన్ని నానబెట్టింది. 1963 జులై 1న పాస్టర్లు మాన్స్ జాక్సన్, శామ్యూల్ మెకిన్నీ ముందు నడవగా దాదాపు 400 మంది సిటీ హాలుకు ఊరేగింపుగా వెళ్లారు. కుర్రవాళ్లు మేయర్ ఆఫీసులోనే బైఠాయించి దాదాపు ఒక రోజంతా కదల్లేదు. అదే నెలలో కౌన్సిల్ హాల్లోనూ కూర్చుంటే పోలీసులు అరెస్టు చేశారు.

అప్పుడు కౌన్సిల్ ఏం చేసింది? తన చేతిలో ఉన్న పనిని జనం మీదికి నెట్టింది. తానే చేయగలిగిన చట్టాన్ని ఓటుకు పెట్టింది. ‘నా ఇల్లు, నా ఇష్టం’ అన్న వాదనతో రియల్ ఎస్టేట్ వ్యాపారులు రంగంలోకి దిగారు. 1964 మార్చి 10న అనుకూల ఓట్లకు రెండింతలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. మేకను మేపాలా కోయాలా అని కసాయిని అడిగితే వచ్చే జవాబే వచ్చింది. సియాటిల్ అంటే ఉదారవాదుల ఊరని పేరు. ఆ పేరు తమ పక్క వాటా దాకా వచ్చేసరికి ఏమైందో ఆ ఓట్ల లెక్క చెబుతోంది.

1967లో శామ్ స్మిత్ ఆ కౌన్సిల్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. 11న ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్ష కూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టం దేశమంతటికీ వర్తించేలా వచ్చింది. 19న సియాటిల్ కౌన్సిల్ తన చట్టాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఈసారి జనాన్ని అడగలేదు. వెంటనే అమల్లోకి వచ్చేలా అత్యవసర నిబంధన కూడా చేర్చింది. నాలుగేళ్ల కిందట ఓటర్లు వద్దన్న పనే అది. అలా చేయడమే సరైనదని మా అభిప్రాయం. పక్కింట్లో ఎవరుండవచ్చో పేటవాళ్లు చేతులెత్తి తేల్చే విషయం కాదు.

మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వేల సంఖ్యలో ఆ నగరం చుట్టుపక్కల స్థిరపడింది ఈ పునాది మీదే. వాళ్లెవరూ ఆ ఊరేగింపుల్లో నడవలేదు, అరెస్టు కాలేదు. ఫలం మాత్రం ముట్టింది. ముట్టడం తప్పని మేము అనడం లేదు. తర్వాత జరిగింది చూడండి. 2023 ఫిబ్రవరి 21న అదే కౌన్సిల్ 6-1 ఓట్లతో తన వివక్ష నిషేధ చట్టంలో కులాన్నీ చేర్చింది. ఉద్యోగాలకే కాదు, అద్దె ఇళ్లకూ వర్తించేలా. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. భారతీయుల్లోనే కొందరు దానికోసం పోరాడారు, కొన్ని హిందూ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఒక్క సమాజాన్నే వేలెత్తి చూపుతున్నారన్నది వాళ్ల అభ్యంతరం. దాన్ని చర్చించవచ్చు. కానీ ‘అమెరికాలో కులం ఎక్కడుంది?’ అని అమాయకంగా అడిగే పెద్దమనిషి, మియాపూర్‌లో తన రెండు పడగ్గదుల ఫ్లాట్ ఎవరికివ్వాలో బావమరిదికి చెప్పేటప్పుడు ఏ మాట వాడుతున్నాడు? రంగును బట్టి తనకు ఇల్లు లేదంటే వివక్ష. కులాన్ని బట్టి తాను లేదంటే ఆచారం. ఇంత నిస్సిగ్గు రెండు నాల్కల ధోరణి ఇంకెక్కడైనా ఉంటుందా?

ఇక్కడ ఉన్నవాళ్లేమీ తక్కువ తినలేదు. ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు బారులు తీరే నగరంలో ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ బోర్డు వేలాడుతోందంటే, అన్నిచోట్లా అది కూర గురించి రాసింది కాదు. ఢిల్లీ పరిసరాల్లో పరిశోధకులు అగ్రవర్ణ, దళిత, ముస్లిం పేర్లతో అద్దె ఇళ్లకు ఫోన్లు చేయించి 2015లో ఫలితాలు ప్రచురించారు. అగ్రవర్ణ పేర్లకు ఫోన్‌లో ఒక్కరూ లేదనలేదు. దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి లేదన్నారు. హైదరాబాద్ ఇందుకు భిన్నమని ఎవరైనా అనుకుంటే, పేరు మార్చి నాలుగు నంబర్లకు ఫోన్ చేసి చూసుకోవచ్చు.

ఇంటివాళ్ల భయాలు కొన్ని నిజమే. అద్దె ఎగ్గొట్టేవాళ్లున్నారు, ఖాళీ చేయమంటే కోర్టుకెళ్లేవాళ్లున్నారు. వాటికి అగ్రిమెంట్ ఉంది, అడ్వాన్స్ ఉంది, పోలీస్ వెరిఫికేషన్ ఉంది. అద్దె ఎగ్గొట్టడానికి కులం లేదు.

మరి మన చట్టాలేం చేస్తున్నాయి? వివక్ష కూడదనే రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల పేర్లు చెప్పింది, అద్దె ఇంటి పేరు చెప్పలేదు. అంటరానితనం కారణంగా ఎవరినీ ఏ ప్రాంతంలోనూ నివాసం పొందకుండా అడ్డుకోరాదని 1955 నాటి చట్టం చెబుతోంది. ఇప్పుడు దాని పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టం. టు-లెట్ బోర్డు పెట్టిన ఓనర్లలో దాని పేరు విన్నవాళ్లు ఎందరు? సభ్యత్వం పార్సీలకే అన్న అహ్మదాబాద్ గృహ సహకార సంఘం నిబంధనను 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. మా దిగులంతా ఆ తీర్పు గురించే. ఒక చిన్న సమాజం తనను తాను కాపాడుకోవడానికి వేసుకున్న కంచె, పెద్ద కులాలవాళ్లు గేటెడ్ కమ్యూనిటీకి వేసుకునే కంచెకు నమూనా అయిపోతుంది. బ్రాడ్‌మూర్ గోడను మనం సొసైటీ బైలాలతో కడుతున్నాం.

చట్టం రాయడం చేతకాదని ప్రభుత్వాలు తప్పించుకోలేవు. హెచ్‌ఐవీ బాధితులకు ఇల్లు నిరాకరించరాదని 2017 చట్టంలో, ట్రాన్స్‌జెండర్లకు నిరాకరించరాదని 2019 చట్టంలో రాసే ఉంది. అవే వాక్యాల్లో కులం, మతం అని రెండు మాటలు చేర్చాలి. 2021లో కేంద్రం రాష్ట్రాలకు నమూనా అద్దె చట్టం పంపింది. అడ్వాన్స్ ఎన్ని నెలలు, ఖాళీ చేయకపోతే అద్దె ఎన్ని రెట్లు అని లెక్కలన్నీ అందులో ఉన్నాయి, వివక్ష అన్న మాటే లేదు. ఓనరుకు కావలసినవన్నీ గుర్తొచ్చాయి, గుమ్మం దగ్గర నిలబడ్డవాడు గుర్తురాలేదు. ఆ నమూనా పట్టుకుని తెలుగు రాష్ట్రాలు ఏ చట్టం తెచ్చినా ఈ ఒక్క సెక్షన్ లేకపోతే దాన్ని అసెంబ్లీ గడప దాటనివ్వకూడదు. అభిప్రాయ సేకరణ పేరుతో ఏ ఇంటి యజమానుల సంఘానికో దాన్ని అప్పగించవద్దు. సియాటిల్ 1964లో చేసిన తప్పే అది.

ఎన్నారైలకు విదేశాల్లో చిన్న అవమానం జరిగినా రాత్రికి రాత్రి ట్వీట్లు పెట్టే మన మంత్రులు, తమ నియోజకవర్గంలో వేలాడే టు-లెట్ బోర్డు గురించి ఇంతవరకూ ఎన్ని మాటలు మాట్లాడారు? ఇక సియాటిల్ అన్నగారూ, మీకు అసెంబ్లీతో పని లేదు. ఈ రాత్రికే బావమరిదికి ఫోన్ చేసి, ‘మనవాళ్లకే’ అన్న మాట వెనక్కి తీసుకోండి. చేయలేరా? అయితే అక్కడ మీ లీజు అగ్రిమెంట్ చివర సమాన అవకాశం అని ఉండే ఆ పేరా మీద సంతకం పెట్టేటప్పుడు కనీసం సిగ్గుపడండి.