సవరణ: బైక్ బూట్ల సైజు లెక్కలో మా తప్పు

ఆన్‌లైన్‌లో బైక్ బూట్లు కొనేటప్పుడు పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచి 1.5తో గుణిస్తే యూరోపియన్ సైజు వస్తుందని ఇంతకుముందు రాశాం. అది తప్పు. ఆ లెక్క పాదానిది కాదు, బూటు తయారుచేసే అచ్చుది. వేళ్ల ముందు ఖాళీ ఉండాలి కాబట్టి అచ్చు పాదం కన్నా సుమారు 1.5 సెం.మీ. పొడవుంటుంది. అందుకే ముందు 1.5 కలిపి, ఆ తర్వాత 1.5తో గుణించాలి. 26.5 సెం.మీ. పాదానికి మేం చెప్పిన పద్ధతిలో 40 వస్తుంది; కావలసింది 42.

ఆ లెక్కతో కొన్నవాళ్లు దయచేసి వెంటనే మార్చుకోండి. వాడగా వాడగా సాగుతుందిలే అనుకోవద్దు. తోలు వెడల్పులో కొంత సాగుతుంది గానీ ముందుండే గట్టి టో క్యాప్ సాగదు, గేరు పైకి ఎత్తిన ప్రతిసారీ బొటనవేలి గోరు దానికే నొక్కుకుంటుంది.

కొలత సాయంత్రం పూట, రైడింగ్ సాక్స్ వేసుకుని, మడమ గోడకు ఆనించి, నిలబడి తీయండి. రెండు పాదాల్లో పెద్దదే లెక్క. కంపెనీ చార్టు ఉంటే మా సూత్రం కన్నా అదే మేలు, కాకపోతే అందులో సెం.మీ. అంటే పాదం పొడవా, లోపలి సోల్ పొడవా అన్నది చూసుకోండి. పొడవు బూట్లయితే పిక్క చుట్టుకొలత ప్యాంటుతో కలిపి తీయాలి.